ఆరోగ్య సలహా: కడుపులో కొవ్వు గడ్డ



కిందటి సంచికలో రక్తహీనత గురించి రాస్తూ, కారణం తెలియకుండా నెత్తురు తగ్గిపోతున్నదంటే అది ఎక్కడినుంచో పోతున్నదని అనుమానించాలి అన్నాను. అది చదివి కొందరు ఉత్తరాలు రాశారు. వాటిలో సగం మొలల గురించి, మిగతా సగం కాన్సర్ భయం గురించి. ఈ రెంటికీ నడుమ ఇంకొక తరహా జబ్బులున్నాయి. అవి అరుదు, కాన్సర్ కావు. అయినా మొలలేలే అని ఊరుకుంటే ప్రాణం మీదికి తెస్తాయి. పెద్దపేగులోనూ, మలాశయంలోనూ వచ్చే అటువంటి కంతుల గురించి ఈసారి చెప్పుకుందాం.

ముందుగా ఒక కేసు సంగతి. హోసూరు దగ్గరి పల్లెనుంచి ఒక పెద్దావిడను మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. వయసు 62. ఎనిమిది నెలలుగా కడుపులో కుడిపక్క మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది, గంటో రెండు గంటలో ఉండి దానంతటదే పోతుంది. నొప్పి వచ్చినప్పుడు చేతికి గట్టిగా ఒక ముద్ద తగులుతుంది, నొప్పి పోగానే ఆ ముద్దా కనబడదు. మనిషి పాలిపోయి ఉంది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8 మాత్రమే ఉంది.

విరేచనంలో నెత్తురు పడుతోందా అని అడిగాను. ఆమె పక్కనున్న మనవడి వైపు చూసి మాట్లాడలేదు. కుర్రవాణ్ణి బయటికి పంపి మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది. జిగట, నెత్తురు కలిసి ఎనిమిది నెలలుగా పడుతూనే ఉన్నాయట. మొలలనుకుని మూడు నెలలు ఎవరో ఇచ్చిన పొడి మింగింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"సెప్పేకి సిగ్గు సామీ. నాతోపాటు ఆస్పత్రికి వచ్చేది వాడొక్కడే. పిల్లోడు పక్కన నిలబడుకోనుంటే ఆ మాట ఎట్ల సెప్పేది?"

ఆమెకు భాష రాక కాదు. సంతకు వెళితే కన్నడం, తమిళం రెండూ గడగడా మాట్లాడుతుంది. కానీ ఈ సంగతి చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఉన్నవి ఇంట్లో ఆడవాళ్ళ మధ్య వాడుకునే తెలుగు మాటలే. మొదట చూసిన డాక్టరుగారికి "హొట్టె నోవు" అని మాత్రమే చెప్పింది. కడుపునొప్పి అని చెబితే ఆయన కడుపునొప్పికి మందిచ్చారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

సి.టి. స్కాన్ తీయించాం. పెద్దపేగు మొదటి భాగంలో సుమారు అయిదు సెంటీమీటర్ల కొవ్వు గడ్డ ఉంది. అది ముందుకు జారుతూ తనతోపాటు పేగునే లోపలికి లాగేసుకుంటోంది.

గడ్డ ఎక్కడ పుడుతుంది?

మన చిన్నపేగు పొడవు సుమారు 20 అడుగులు, పెద్దపేగు సుమారు 5 అడుగులు. పెద్దపేగు బొడ్డుకు కుడివైపు కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా ఎడమకు వెళ్ళి, కిందికి దిగి మలాశయంలో కలుస్తుంది. దాని గోడకు నాలుగు పొరలు. లోపల జిగురుపొర, దాని కింద మెత్తని పొర, ఆ తర్వాత కండరాల పొర, అన్నిటికీ పైన పలుచని కప్పు.

పేగులో సర్వసాధారణంగా కనబడే పిలకలు జిగురుపొరలోనే పుడతాయి. వీటినే డాక్టర్లు పాలిప్‌లు అంటారు. వీటిలో 'అడినోమా' అనే రకం ఈరోజు కాన్సర్ కాకపోయినా, ఏళ్ళు గడిచాక కొన్ని కాన్సర్‌గా మారతాయి. అందుకే కనబడినప్పుడే తీసేస్తారు. ఇవి అరుదైనవి కావు. మనం చెప్పుకోబోయేవి వేరు. కొవ్వు గడ్డలు, పిల్లల్లో వచ్చే పిలకలు, నెత్తుటి నాళాల గడ్డలు, కండరంలోనో నరంలోనో పుట్టే గడ్డలు.

కొవ్వు గడ్డ

ఒంటి మీద, భుజం మీద, చేతి మీద మెత్తగా కదిలే కొవ్వు గడ్డలు చాలామందికి ఉంటాయి. అటువంటిదే పేగు గోడలో, జిగురుపొర కిందనున్న మెత్తని పొరలో పుడుతుంది. దీన్ని 'లైపోమా' అంటారు. 50 ఏళ్ళు దాటినవారిలో, పెద్దపేగు కుడిభాగంలో ఎక్కువగా కనబడుతుంది. రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నంతకాలం మనిషికి దాని సంగతే తెలియదు. వేరే పనిమీద స్కాన్ తీస్తే బయటపడుతుంది. అంతకంటె పెరిగితే నొప్పి, నెత్తురు, మలబద్ధకం, ఒక్కోసారి విరేచనాలు మొదలవుతాయి.

అన్నిటికంటె ప్రమాదం పేగు పేగులోకి దూరడం. చొక్కా విప్పేటప్పుడు చేయి సగం లోపలికి మడత పడుతుంది చూడండి, అలాగే పేగు తన ముందుభాగంలోకి తానే దూరుతుంది. పేగుకు ఆహారాన్ని ముందుకు తోసే అలవాటు ఉంది. గడ్డ తగిలితే దాన్నీ ఆహారమే అనుకుని తోస్తుంది. గడ్డ గోడకు అతుక్కుని ఉంది కనుక గోడ కూడా దాని వెంట పోతుంది. కాసేపటికి వెనక్కి వస్తే నొప్పి తగ్గుతుంది. మన పెద్దావిడకు ముద్ద తగలడం, మాయమవడం ఇందువల్లే. వెనక్కి రాకుండా ఇరుక్కుపోతే నెత్తురు ప్రసరణ ఆగి పేగు కుళ్ళిపోతుంది.

పసిపిల్లల్లో కూడా పేగు ఇలా దూరుతుంది. వారిలో చాలాసార్లు గడ్డ ఏమీ ఉండదు. గాలినిగాని, ద్రవాన్నిగాని ఆసనద్వారం గుండా ఎక్కించి దాన్ని వెనక్కి నెట్టి సరిచేస్తారు. పెద్దవారిలో ఆ పద్ధతి పనికిరాదు. పెద్దవారిలో పది కేసులకు సుమారు తొమ్మిదింటిలో వెనుక ఏదో ఒక కారణం ఉంటుంది. పెద్దపేగులో అయితే ఆ కారణం చాలాసార్లు కాన్సరే. అందుకని పెద్దవారిలో ఆపరేషన్ దాకా వెళ్ళక తప్పదు.

ఎలా కనిపెడతారు?

ఈ గడ్డను పట్టుకోవడంలో సి.టి. స్కాన్‌ది పెద్ద పాత్ర. ఈ యంత్రాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు, దానికి గణిత సూత్రాలు అందించిన కోర్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది. స్కాన్‌లో ప్రతి పదార్థానికీ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్న. గాలికి సున్నకు కింద వెయ్యి. కొవ్వు నీటికంటె తేలిక కనుక దానికి సున్నకు కింద సుమారు వంద. గడ్డ అంకె ఆ దరిదాపుల్లో ఉంటే అది కొవ్వేనని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. కాన్సర్ గడ్డకు ఆ అంకె రాదు.

రెండవది కొలొనోస్కోపీ. వేలంత లావున, వంగే గొట్టం చివర కెమెరా ఉంటుంది. దాన్ని ఆసనద్వారం గుండా పంపి పెద్దపేగంతా చూస్తారు. కొవ్వు గడ్డ పసుపుపచ్చగా, నున్నగా కనబడుతుంది. పరికరంతో నొక్కితే దిండు మీద వేలు పెట్టినట్లు సొట్టపడి, వదలగానే మళ్ళీ లేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే చాలాసార్లు "మామూలు జిగురుపొర" అని రిపోర్టు వస్తుంది. బొంతలో దూది ఉండకట్టిందనుకోండి. పైగుడ్డను గిల్లి తీస్తే లోపలి ఉండ సంగతి ఏం తెలుస్తుంది? ఇదీ అంతే. అందుకని "బయాప్సీలో ఏమీ లేదన్నారు" అని ఇంటికి వెళ్ళి కూర్చోకూడదు. గడ్డ కనబడింది, బయాప్సీ మామూలుగా వచ్చింది అంటే తర్వాత ఏం చేయాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఇంకొక చిక్కు. పెద్ద కొవ్వు గడ్డ పైభాగం ఒరుసుకుని పుండు పడుతుంది. అప్పుడు అది చూడడానికి అచ్చం కాన్సర్‌లాగే ఉంటుంది. మన పెద్దావిడకు జరిగింది అదే. ఆమె కొడుకు ఫోనులో "కాన్సరా సార్?" అని అడిగాడు. "స్కాన్ కొవ్వు అంటోంది, పుండు మాత్రం అనుమానంగా ఉంది, తీసి పరీక్షించేదాకా కాదని చెప్పలేను" అన్నాను. అంతకంటె ధైర్యం చెప్పి ఉంటే అబద్ధమయ్యేది.

చికిత్స

కొవ్వు గడ్డ చిన్నదై, బాధ లేకపోతే దాన్ని అలాగే వదిలేయడమే మంచి వైద్యం. అది కాన్సర్‌గా మారదు.

బాధ పెడుతున్నదాన్ని తీయాలి. కాడ ఉన్న పిలకను కొలొనోస్కోపు గుండానే తీగ ఉచ్చు వేసి, కరెంటుతో కోసి తీయవచ్చు. ఈ విధంగా పెద్దపేగు పిలకను తీయడం 1969లో న్యూయార్కులో హిరోమి షిన్యా అనే జపాను వైద్యుడు మొదలుపెట్టాడు. అంతకుముందు పిలక పైన ఉంటే పొట్ట కోయవలసిందే. అయితే కొవ్వులో నీరు తక్కువ, కరెంటు సరిగా పారదు. ఎక్కువ కరెంటు ఇస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. అందుకని కొన్ని గడ్డలకు మెడ దగ్గర నైలాన్ ఉచ్చు బిగించి వదిలేస్తారు. నెత్తురు అందక కొన్నాళ్ళకు అదే ఊడిపోతుంది. ఏ గడ్డకు ఏ పద్ధతి అన్నది దాని పరిమాణాన్ని, మొదలు వెడల్పును చూసి నిర్ణయిస్తారు.

మరీ పెద్దదైనా, పేగు దూరుకుపోయినా, కాన్సర్ అనుమానం తీరకపోయినా ఆపరేషనే. ఇప్పుడు చాలాచోట్ల చిన్న రంధ్రాల గుండా లాపరోస్కోపుతో ఆ కొంత పేగును తీసి రెండు కొసలనూ కలుపుతారు. మన పెద్దావిడకు ముందు నెత్తురు ఎక్కించి, తర్వాత ఈ విధంగానే చేశాం. ఆరవరోజు ఇంటికి వెళ్ళింది. పాథాలజీ రిపోర్టులో ఒకే మాట, కొవ్వు గడ్డ. కాన్సర్ ఎక్కడా లేదు.

పిల్లల్లో వచ్చే పిలక

రెండేళ్ళనుంచి పదేళ్ళలోపు పిల్లలకు విరేచనం చివర ఎర్రటి నెత్తురు చుక్కలు పడతాయి. నొప్పి ఉండదు. పిల్లవాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు. మన ఇళ్ళలో "వేడి చేసింది" అంటాం. సబ్జా గింజలు, మజ్జిగ, ఆ తర్వాత నులిపురుగుల మందు, ఆ తర్వాత అమీబా మందు. ఇలా ఏడాది గడిచిపోతుంది. ఒక్కోసారి పండిన రేగుపండులాంటిది ఆసనం దగ్గర బయటికి కనబడి తల్లి హడలిపోతుంది.

ఇది 'జువెనైల్ పాలిప్'. సాధారణంగా ఒక్కటే ఉంటుంది, ఎక్కువగా మలాశయంలోనో, దానికి కాస్త పైనో. మత్తు ఇచ్చి కొలొనోస్కోపు గుండా తీసేస్తే నెత్తురు ఆగిపోతుంది. ఒక్కటే ఉన్నప్పుడు భవిష్యత్తులో కాన్సర్ భయం దాదాపు లేనట్లే. అయిదు, అంతకంటె ఎక్కువ ఉంటే మాత్రం, లేదా ఇంట్లో ఇంకెవరికైనా ఇటువంటివే ఉంటే, అది వంశపారంపర్యంగా వచ్చే వేరే జబ్బు. ఆ పిల్లలను జీవితాంతం క్రమంగా పరీక్షించాలి.

పెదవుల మీద మచ్చలు

కొందరు పిల్లలకు పెదవుల మీద, నోటి లోపల బుగ్గల మీద సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలుంటాయి. అవే ఇంట్లో తండ్రికో, మేనత్తకో కూడా ఉంటాయి. "మా వంశం మచ్చలు" అని మురిసిపోయేవారిని చూశాను. కొందరికి ఇవి 'పాయిట్జ్-జెగర్స్' అనే జబ్బుకు గుర్తు. డచ్చి వైద్యుడు పాయిట్జ్ 1921లో, అమెరికా వైద్యుడు జెగర్స్ 1949లో దీన్ని వివరించారు. దీని వెనుకనున్న ఎస్‌టికె11 అనే జన్యువును 1998లో గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది.

వీరికి ముఖ్యంగా చిన్నపేగులో పిలకలు పుడతాయి. వాటివల్ల పేగు పేగులోకి దూరి చిన్నతనంలోనే ఆపరేషన్లు అవుతాయి. పెద్దయ్యాక పేగు, రొమ్ము, క్లోమం వంటిచోట్ల కాన్సర్ వచ్చే అవకాశం మామూలు వారికంటె ఎక్కువ. సుమారు ఎనిమిదేళ్ళనుంచే పరీక్షలు మొదలుపెట్టమంటారు. మింగే కెమెరా మాత్ర 2001 నుంచి వాడుకలోకి వచ్చాక చిన్నపేగును చూడడం సులువైంది. మచ్చలున్న ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్లు కాదు. మచ్చలతోపాటు కడుపునొప్పిగాని, రక్తహీనతగాని, ఇంట్లో పేగు ఆపరేషన్లుగాని ఉంటే తప్పక చూపించుకోండి.

నెత్తుటి నాళాల గడ్డ

ఇది చాలా అరుదు. 'హిమాంజియోమా' అంటారు. మలాశయం గోడలో నెత్తుటి నాళాలు గుంపుగా అల్లుకుని ఉంటాయి. చిన్నతనంనుంచీ నొప్పి లేకుండా నెత్తురు పోతూ ఉంటుంది. మొలలని రెండు మూడుసార్లు ఆపరేషన్ చేయించుకున్నా తగ్గదు. ఇటువంటి చరిత్ర చెప్పే యువతీయువకులను చూస్తే ఈ జబ్బు గుర్తుకు రావాలి. పొత్తికడుపు ఎక్స్‌రేలో చిన్న చిన్న రాళ్ళలాంటివి కనబడడం ఒక ఆధారం. ఎం.ఆర్.ఐ.లో గడ్డ ఎంతమేర ఉందో తెలుస్తుంది. దీనినుంచి ముక్క తీయడం ప్రమాదం, నెత్తురు ఆగకపోవచ్చు. లోపల చూడకుండా మొలలకు ఇంజక్షన్లు ఇచ్చేవారి దగ్గరికి వెళ్ళవద్దని నేను పదేపదే చెప్పడానికి ఇదొక కారణం.

కండరం, నరం గడ్డలు

పేగు గోడలోని కండరంలోనూ, సన్నని నరాల్లోనూ కూడా గడ్డలు పుడతాయి. చూపుకు ఇవీ, 'జిస్ట్' అనే మరో గడ్డా ఒక్కలాగే ఉంటాయి. జిస్ట్‌లో కాన్సర్ స్వభావం ఉండవచ్చు. సూక్ష్మదర్శినిలో ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తేగాని తేడా తెలియదు. ఆ పరీక్షలు వాడుకలోకి రాకముందు కండరం గడ్డ అని పేరు పెట్టినవాటిలో చాలా భాగం నిజానికి జిస్ట్‌లే. అందుకని పాత రిపోర్టులు, పాథాలజీ విభాగం ఇచ్చే మైనపు దిమ్మెలు పారేయకండి. అవసరమైతే వాటినే మళ్ళీ పరీక్షించవచ్చు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

మొలలను మనం మూలశంక అంటాం, తమిళంలో మూలం, కన్నడంలోనూ మరాఠీలోనూ మూలవ్యాధి, ఒడియాలో అర్శ. పేరు ఏదైనా, దాన్ని రోగి చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. "నాకు మొలలున్నాయి" అనకండి. "నెత్తురు పడుతోంది" అనండి. ఎన్నాళ్ళనుంచి, ఎంత, విరేచనంలో కలిసి ఉందా, చివర చుక్కలుగా పడుతోందా, ఎర్రగానా, నల్లగానా, జిగట ఉందా, నొప్పి ఎటువైపు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. తెలుగులో రాసినా సరే, అక్కడ ఎవరో ఒకరు చదివి చెబుతారు. ఇనుము మాత్రలు వేసుకుంటే మలం నల్లగా, బీట్‌రూట్ తింటే ఎర్రగా వస్తుంది కనుక అవి కూడా రాయండి.

ఇంట్లో పెద్దవారిని తీసుకెళ్ళేవారికి ఒక మనవి. వారిని డాక్టరు దగ్గర కాసేపు ఒంటరిగా వదలండి. అనువాదం అవసరమైతే ఆడవారికి ఆడవారినే తోడు పంపండి. మనవల చేత, మనవరాళ్ళ చేత చెప్పించవద్దు.

కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకుండా ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. బరువు తగ్గడం, రక్తహీనత, విరేచనం తీరు మారి నెలయినా సర్దుకోకపోవడం, ఇవి ఉంటే వయసుతో నిమిత్తం లేకుండా పరీక్ష చేయించుకోవాలి. 45 ఏళ్ళు దాటినవారు నెత్తురు ఒక్కసారి పడినా చూపించుకోవడం మంచిది.

పాఠకుల ప్రశ్నలు

*నెయ్యి, నూనె ఎక్కువ తింటే పేగులో కొవ్వు గడ్డ వస్తుందా?* (ఒక పాఠకురాలు, బరంపురం)

రాదు. మనం తినే కొవ్వు అక్కడ పేరుకుని ఇది కాదు. సన్నగా ఉన్నవారికీ వస్తుంది. నెయ్యి తగ్గించడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, దీనికోసం మాత్రం కాదు.

*కొలొనోస్కోపీకి ముందు తాగించే మందు భరించలేమంటారు. నిజమేనా?* (ఒక పాఠకుడు, షోలాపూర్)

రుచి బాగుండదు, విరేచనాలు చాలా అవుతాయి. కానీ పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పిలకలు కనబడవు, పరీక్ష మళ్ళీ చేయవలసి వస్తుంది. మందును చల్లబరిచి, కొద్దికొద్దిగా తాగండి. ముందురోజు పీచు లేని తేలిక ఆహారం తీసుకోండి. నెత్తురు పలచబడే మందులు, చక్కెర వ్యాధి మందులు వాడేవారు వాటి సంగతి ముందే చెప్పాలి. పరీక్ష సమయంలో సాధారణంగా మత్తు ఇస్తారు కనుక బాధ తెలియదు.

చివరగా మన పెద్దావిడ సంగతి. మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చింది. హిమోగ్లోబిన్ 11 దాటింది. ఈసారి మనవణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తాను ఒక్కతే లోపలికి వచ్చి, అడగకముందే అన్నీ వివరంగా చెప్పింది. "మా వీధిలో ఇంకొకామెకు ఇట్లే ఉండాది సామీ, పిలుచుకోని వస్తాను" అంది. మరుసటి వారం పిలుచుకొచ్చింది కూడా. ఆమెకున్నవి మొలలే. పరీక్ష చేసి చూసి మొలలని చెప్పించుకున్నాక ఆమె నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

వచ్చే సంచికలో మలబద్ధకం గురించి రాస్తాను. మీ ప్రశ్నలు సంపాదకుల చిరునామాకు పంపండి. పేరు ప్రచురించవద్దని రాస్తే ప్రచురించం.